ఆఫ్రికా దేశాలతో వ్యాపారం మొదలుపెట్టే ముందు

సహారా ఎడారికి దక్షిణాన నలభైకి పైగా దేశాలున్నాయి. అన్నింటినీ కలిపి ఒకే మార్కెట్టుగా లెక్కవేసుకుని ధరల పట్టిక, ఒప్పంద పత్రం తయారుచేసుకుంటే, వాటిని దాదాపు ప్రతి దేశంలోనూ మళ్లీ మార్చుకోవలసి వస్తుంది. అందువల్ల మొదట ఒక్క దేశాన్ని ఎంచుకోండి. అక్కడ స్థిరపడ్డాకే పక్క దేశం గురించి ఆలోచించండి.

ఒప్పందానికి ఏ చట్టం వర్తిస్తుందన్నది తొలి ప్రశ్న. కెన్యా, ఘనా, నైజీరియా వాణిజ్య చట్టాలకు బ్రిటిష్ న్యాయసంప్రదాయమే మూలం. సెనెగల్, ఐవరీ కోస్ట్, కామెరూన్ వంటి దేశాల పద్ధతి వేరు. 1993లో మారిషస్ రాజధాని పోర్ట్ లూయిలో కుదిరిన ఒడంబడికతో ఏర్పడిన ఒహాడా అనే వాణిజ్య చట్టాల కూటమిలో ఈ మూడింటితో సహా నేడు 17 దేశాలున్నాయి. వాటన్నింటికీ వ్యాపార చట్టాలు ఉమ్మడివే, వివాదాలపై తుది తీర్పు చెప్పే ఉమ్మడి న్యాయస్థానం ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నగరంలో ఉంది. ఈ దేశాల్లో కొనుగోలుదారు దొరికితే అతని వ్యాపార రిజిస్టర్ నంబరు అడిగి తీసుకుని, స్థానిక న్యాయవాది చేత సరిచూపించండి. ఒప్పందం ఫ్రెంచిలో ఉంటే, అనువాదం మీద ఆధారపడి సంతకం చేయవద్దు. ఫ్రెంచి పాఠాన్ని ఆ న్యాయవాదే చదివి వివరించాలి.

డబ్బు విషయంలోనూ పేరు చూసి పొరపాటు పడే అవకాశం ఉంది. సీఎఫ్‌ఏ ఫ్రాంక్ అనే పేరుతో రెండు వేర్వేరు కరెన్సీలున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో 8 దేశాలు ఒకదాన్ని, మధ్య ఆఫ్రికాలో 6 దేశాలు రెండోదాన్ని వాడతాయి. రెండింటికీ యూరోతో స్థిరమైన మారకపు రేటు ఉన్నా, సెనెగల్ రాజధాని డాకర్‌లో తీసుకున్న నోటు కామెరూన్ దుకాణంలో చెల్లదు. నైజీరియా నైరా, ఇథియోపియా బిర్ పరిస్థితి ఇందుకు భిన్నం. మారకపు విధానాలు మార్చిన తర్వాత 2023లో నైరా, 2024లో బిర్ విలువ బాగా పడిపోయాయి. అటువంటి చోట మీరిచ్చే కొటేషన్‌లో గడువు తేదీ తప్పక ఉండాలి. కొనుగోలుదారుకు తన బ్యాంకు ద్వారా డాలర్లు దొరకడానికి ఎంత కాలం పడుతుందో కూడా ముందే అడగాలి. నా దృష్టిలో ధర కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఇదే.

సమావేశానికి సమయం ఖాయం చేసుకునేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. స్వాహిలీ మాట్లాడేవారు, ఇథియోపియన్లు గంటలను సూర్యోదయం నుంచి లెక్కిస్తారు. మనం ఉదయం ఏడు అనేది వారి లెక్కలో ఒంటిగంట. స్వాహిలీలో ‘సా తాతు అసుబుహి’, అంటే ఉదయం మూడు గంటలు అని చెబితే, గడియారంలో తొమ్మిదికి వెళ్లాలి. ఇంగ్లిషులో మాట్లాడేటప్పుడు చాలామంది మనకు తెలిసిన లెక్కలోనే చెబుతారు. అయినా ఫోన్‌లో కుదిరిన సమయాన్ని ‘ఉదయం 9:00, అంతర్జాతీయ లెక్క ప్రకారం’ అని రాతపూర్వకంగా నిర్ధారించుకోండి. ఇథియోపియా కేలండర్‌లో 13 నెలలుంటాయి. సంవత్సరం సంఖ్య కూడా మనం వాడేదానికంటే 7 లేదా 8 ఏళ్లు వెనుక ఉంటుంది. కాబట్టి అక్కడి ఒప్పందాల్లో ప్రతి గడువును రెండు కేలండర్లలోనూ రాయించండి. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో ఉపవాస నియమం పాటించి మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో విందు ఇస్తే వంటకాలు అందుకు తగినట్టుగా ఉండాలి.

సెనెగల్‌లోనూ ఉత్తర నైజీరియాలోనూ పలకరింపు నిదానంగా సాగుతుంది. ఆరోగ్యం, ఇంటివారి క్షేమం, ప్రయాణం ఎలా జరిగిందన్నది ఒకదాని తర్వాత ఒకటిగా అడుగుతారు. మీరూ అదే తీరులో అడగాలి. ఆ వరుస పూర్తికాకముందే నమూనాలు బల్లమీద పెట్టడం అమర్యాద. దీన్ని వృథా కాలయాపన అనుకోవడం పెద్ద తప్పు. కోర్టుల్లో తీర్పుకు ఏళ్లు పట్టే చోట వ్యాపారి ఎదుటి మనిషి నిలకడను బట్టే అప్పు ఇస్తాడు, ఆ అంచనా ఈ మాటల దగ్గరే మొదలవుతుంది. విజిటింగ్ కార్డును, నమూనాను కుడిచేత్తోనే అందించండి. ఘనా, నైజీరియాలలో ఎడమచేతితో ఇవ్వడం అవమానంగా భావిస్తారు. నైజీరియాలో పేరు ముందున్న చీఫ్, అల్‌హాజీ, ఇంజినీర్ వంటి బిరుదును వదలకుండా సంబోధించండి. ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో శుక్రవారం మధ్యాహ్నం సమావేశం పెట్టవద్దు.

నమూనాలను సర్దుకునేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి. రువాండా 2008లో, కెన్యా 2017లో, టాంజానియా 2019లో ప్లాస్టిక్ సంచులను నిషేధించాయి. కాబట్టి బట్ట సంచులు లేదా కాగితపు సంచులు వాడండి.

సరుకు ఓడ ఎక్కకముందే తనిఖీ ధ్రువపత్రం సంపాదించాలి. కెన్యా, టాంజానియా, నైజీరియా అనేక సరుకులకు తమ ప్రమాణాలకు అనుగుణంగా ఉన్నట్లు ఎగుమతి దేశంలోనే పరీక్ష చేయించాలని కోరతాయి. ఆ పత్రం లేకుండా కంటైనర్ రేవు చేరితే జరిమానా, నిల్వ రుసుములు మొదలవుతాయి, లాభమంతా వాటికే పోవచ్చు. ఈ ఖర్చు ఎవరిదో, పత్రం ఆలస్యమైతే బాధ్యత ఎవరిదో అడ్వాన్సు తీసుకునే రోజునే ఒప్పందంలో రాయించుకోండి.