పిస్టల్‌ను సేఫ్టీ అప్‌గ్రేడ్ కోసం కంపెనీకి పంపాలా, వద్దా? (సమస్య - కారణం - పరిష్కారం)

అమెరికాలో పిస్టల్ ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఫలానా మోడల్‌కు ఉచితంగా సేఫ్టీ అప్‌గ్రేడ్ చేస్తాం, పంపండి అని కంపెనీ ప్రకటిస్తుంది. చేతిలో ఉన్నదేమో ఇప్పటిదాకా ఏ తేడా చేయలేదు. పంపితే కొన్ని వారాలు అది మన దగ్గర ఉండదు. పంపకపోతే మనసులో అనుమానం అలాగే ఉండిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రిగ్గర్ నొక్కకుండా పేలే అవకాశం ఉందని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నాక ఇంకా తర్జనభర్జన అవసరం లేదు, పంపాల్సిందే. మిగతా సందర్భాల్లో మాత్రం కాస్త ఆలోచించాల్సి ఉంటుంది. ఎవరికి ఏ సమస్య ఉందో దాన్నిబట్టి కింద రాస్తున్నాను.

ఏం చూడాలన్నా ముందు పిస్టల్ ఖాళీ చేయండి. మొదట మ్యాగజైన్ (తూటాలుండే డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఈ వరుస తప్పితే చాంబర్‌లోని (గొట్టం వెనుక, పేలడానికి సిద్ధంగా తూటా ఉండే చోటులోని) తూటా బయటికి వస్తుంది కానీ, స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను లోపలికి తోస్తుంది. స్లైడ్‌ను వెనక్కి లాక్ చేసి, చాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా తడమండి. తూటాలు వేరే గదిలో పెట్టి రండి.

సమస్య: "నా పిస్టల్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, అయినా పంపమంటున్నారు"

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. షూటింగ్ రేంజ్‌లో ఎన్నో తూటాలు కాల్చాం, ఒక్కసారి కూడా తేడా రాలేదు, ఇంక లోపం ఎక్కడుంది అనుకుంటారు. కానీ రేంజ్‌లో మనం పిస్టల్‌ను పట్టుకుని కాలుస్తాం, కింద పడేయం. రీకాల్‌కు (కంపెనీ సరుకును వెనక్కి పిలిపించడానికి) కారణమయ్యే లోపాల్లో చాలావరకు ఒక ప్రత్యేకమైన పరిస్థితిలో మాత్రమే బయటపడతాయి. ఆ పరిస్థితి మనకు ఇంకా రాలేదంటే లోపం లేదని అర్థం కాదు.

సిగ్ సావర్ కంపెనీ తయారుచేసే పీ320 పిస్టల్ సంగతి చూడండి. 2014లో మార్కెట్లోకి వచ్చిన ఈ పిస్టల్‌ను 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, ఒక కోణంలో కింద పడితే ఇది పేలుతోందని పరీక్షల వీడియోలు బయటికి వచ్చాయి. డల్లాస్ పోలీసు శాఖ దీని వాడకాన్ని ఆపేసింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ ఉచిత అప్‌గ్రేడ్ ప్రకటించింది.

జరుగుతున్నది ఇదీ. స్లైడ్ వెనుక భాగం ముందుగా నేలకు తగిలేలా, కొంచెం వాలుగా పిస్టల్ పడుతుంది. నేల తగలగానే పిస్టల్ ఆగిపోతుంది, ట్రిగ్గర్ మాత్రం ఆగదు. బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, ట్రిగ్గర్ తన బరువుతో తానే వెనక్కి కదులుతుంది. వేలు పెట్టి నొక్కితే ఏం జరుగుతుందో అదే జరుగుతుంది: లోపలి సేఫ్టీ తప్పుకుంటుంది, స్ట్రైకర్‌ను (తూటా వెనుక కొట్టి పేల్చే కడ్డీని) పట్టి ఉంచే సియర్ అనే కొక్కెం వదిలేస్తుంది, తూటా పేలుతుంది. అందుకే అప్‌గ్రేడ్‌లో ట్రిగ్గర్, సియర్, స్ట్రైకర్ మూడింటినీ తేలికైనవిగా మార్చారు. బరువు తగ్గితే ఆ ఊపు సరిపోదు. దాంతోపాటు ఒక మెకానికల్ డిస్కనెక్టర్ (ట్రిగ్గర్‌కు, సియర్‌కు మధ్య లంకె తెంచే భాగం) కూడా చేర్చారు.

మరి ఇది ముందే ఎందుకు దొరకలేదు? ప్రమాణాల్లో ఉన్న పరీక్షలు కొన్ని నిర్ణీత భంగిమల్లోనే చేస్తారు. పరిశ్రమ ప్రమాణం ప్రకారం పిస్టల్‌ను 4 అడుగుల ఎత్తు నుంచి రబ్బరు మ్యాట్ మీద పడేస్తారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారమైతే ఒక మీటరు ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి, కాంక్రీటు మీద, 6 రకాల భంగిమల్లో పడేస్తారు. పీ320ని పేల్చిన వాలు ఈ లెక్కలో లేదు. తమ పిస్టల్ అమెరికా ప్రమాణాలకు తగ్గట్టే ఉందని కంపెనీ కూడా చెప్పింది. ప్రమాణాల పరీక్ష పాసయిన పిస్టల్ కూడా చేయి జారితే పేలవచ్చన్నది అక్కడే తేలిపోయింది.

ఇంకో మాట కూడా జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. ప్రకటనలో "స్వచ్ఛంద అప్‌గ్రేడ్" అని ఉంటుంది. స్వచ్ఛందం అన్నారు కదా, అంత అవసరం లేదేమో అనుకుంటారు. అమెరికాలో టోస్టర్ నుంచి పిల్లల ఉయ్యాల దాకా లోపముంటే వెనక్కి రప్పించే అధికారం వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్‌కు ఉంది. తుపాకులు, తూటాలు మాత్రం ఆ కమిషన్ పరిధిలోకి రావు. 1970ల నుంచీ చట్టమే అలా ఉంది. కాబట్టి తుపాకీ రీకాల్ ఎంత తీవ్రమైనదైనా కాగితం మీద స్వచ్ఛందమే. ఆ పదాన్ని పక్కన పెట్టి, లోపం ఏమిటో రాసిన వాక్యం చదవండి. "కింద పడితే", "ట్రిగ్గర్ నొక్కకుండా", "ఒకటి కంటే ఎక్కువ తూటాలు" లాంటి మాటలు కనిపిస్తే ఆ రోజు నుంచి ఆ పిస్టల్‌లో తూటా పెట్టకండి.

ఇంట్లో మీరే పడేసి చూద్దామనో, రబ్బరు సుత్తితో కొట్టి చూద్దామనో అనుకోకండి. పది కోణాల్లో పేలలేదంటే పదకొండో కోణం గురించి మీకేమీ తెలియదు.

సమస్య: "నాకు ఏ ఉత్తరమూ రాలేదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను"

ఉత్తరం రాకపోవడంలో వింతేమీ లేదు. ఏ తుపాకీ ఎవరి దగ్గరుందో చూపించే జాతీయ రిజిస్టర్ అమెరికాలో లేదు, అలాంటిది పెట్టకూడదని ఫెడరల్ చట్టమే చెబుతుంది. ఏ డీలర్‌కు అమ్మారన్నది కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారినా వాళ్లకు తెలియదు. మీరే చూసుకోవాలి.

సీరియల్ నంబరు చేతిలో పెట్టుకుని కంపెనీ రీకాల్ పేజీ తెరవండి, లేదా ఫోన్ చేయండి. కొన్నిటికి నంబరు మొదటి అంకెలు చూస్తేనే తెలిసిపోతుంది. 2008లో రూగర్ వెనక్కి రప్పించిన ఎల్‌సీపీ పిస్టళ్ల నంబర్లు 370తో, ఎస్ఆర్9 పిస్టళ్లవి 330తో మొదలవుతాయి. రెండూ కింద పడితే పేలే ప్రమాదం ఉన్నవే. 2017లో అదే కంపెనీ మార్క్ 4 పిస్టళ్లను పిలిపించింది. సేఫ్టీ మీట పైకీ కిందికీ కాకుండా మధ్యలో ఉండిపోతే చిక్కు వచ్చేది. వాటి నంబర్లు 401తో గానీ డబ్ల్యూబీఆర్ అనే అక్షరాలతో గానీ మొదలవుతాయి.

పాత యజమాని అప్పటికే పంపి బాగు చేయించి ఉండొచ్చు కూడా. 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ పిలిపించిన ఎక్స్‌డీ-ఎస్ అయితే పిడి వెనుక ఉండే గ్రిప్ సేఫ్టీని (పిడి గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చే మీటను) పరిశీలించండి. అందులో అడ్డంగా చిన్న రోల్ పిన్ కనిపిస్తే కొత్త భాగాలు పడినట్టే. ఇలాంటి గుర్తు కంటికి కనిపించినా సరే, నంబరు చెప్పి కంపెనీ చేత ఖాయం చేయించుకోండి. అమ్మినవాడి నోటిమాట మీద ఆధారపడవద్దు. ఉచిత రిపేరు పిస్టల్‌కు వర్తిస్తుంది, మొదటి కొనుగోలుదారు కానక్కర్లేదు, రసీదు పోయినా పర్వాలేదు.

సమస్య: ఒకసారి నొక్కితే రెండు పేలాయి, లేదా స్లైడ్ వదలగానే పేలింది

ఇది రీకాల్ నోటీసు కోసం ఎదురుచూసే విషయం కాదు. అక్కడే ఆపేయండి, ఖాళీ చేయండి, ఇంకోసారి జరుగుతుందేమో చూద్దామని మళ్లీ కాల్చకండి.

కారణాలు పలు రకాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లలో, పిస్టల్ వెనక్కి తన్నినప్పుడు తెలియకుండానే వేలు మళ్లీ ట్రిగ్గర్ నొక్కడం మామూలే. అది పిస్టల్ తప్పు కాదు. సియర్ అంచు అరిగిపోయినా, ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే పిన్) దారిలో మురికి, గట్టిపడిన గ్రీజు చేరి పిన్ ముందుకు ఇరుక్కుపోయినా ఇలాగే అవుతుంది. తయారీలోనే తేడా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పైన చెప్పిన ఎక్స్‌డీ-ఎస్‌ను పిలిపించింది తూటా ఎక్కించేటప్పుడు పేలవచ్చనీ, ఒక్క నొక్కుకు రెండు పేలవచ్చనీ. 2020 నవంబరులో స్మిత్ అండ్ వెసన్ కొన్ని 9 ఎంఎం షీల్డ్ ఈజెడ్ పిస్టళ్లను పిలిపించింది. ఆ ఏడాది మార్చి 1 నుంచి అక్టోబరు 31 దాకా తయారైన వాటిలో కొన్నిటి హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి లాంటి భాగం) సరైన కొలతల్లో లేదు, దానివల్ల ఒకటి కంటే ఎక్కువ తూటాలు పేలే ప్రమాదం ఉందన్నారు. హ్యామర్ మార్చి తిరిగి పంపారు.

మీ మోడల్, మీ నంబరు ఏదైనా రీకాల్‌లో ఉంటే నేరుగా కంపెనీకే పంపండి. లేకపోతే గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవాళ్లకు) చూపించండి, కంపెనీకి కూడా తెలియజేయండి. ఏ తూటాలు వాడారు, ఎన్నోదానికి అలా అయింది, పిస్టల్ చివరిగా ఎప్పుడు శుభ్రం చేశారు అన్నవి అప్పుడే రాసి పెట్టుకోండి. మీరు శుభ్రం చేసి ఇవ్వకండి, ఉన్నది ఉన్నట్టే ఇస్తే కారణం దొరికే అవకాశం ఎక్కువ.

సమస్య: "ట్రిగ్గర్ బయట మార్పించాను, ఇప్పుడు పంపితే?"

కంపెనీ తన భాగాలతోనే బాగు చేస్తుంది. బయటి ట్రిగ్గర్ తీసేసి ఫ్యాక్టరీది పెట్టవచ్చు, తీసింది మీకు తిరిగి ఇవ్వకపోనూ వచ్చు. ముందే ఫోన్ చేసి అడగండి. అసలు భాగాలు దాచి ఉంటే వాటిని బిగించి పంపడం మేలు. రెడ్ డాట్ (గురి చూసే పరికరం), లైటు, హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర), మ్యాగజైన్ వాళ్లు అడిగితే తప్ప పంపనక్కర్లేదు. పెట్టెలో ఒక్క తూటా కూడా ఉండకూడదు.

బయటి ట్రిగ్గర్ వేసుకున్నాం కాబట్టి రీకాల్ మాకు వర్తించదు అనేవాళ్లున్నారు. ట్రిగ్గర్ ఒక్కటి మారినంత మాత్రాన స్ట్రైకర్, సియర్ మారవు. పైగా కొత్త ట్రిగ్గర్ పాతదానికంటే బరువైతే పరిస్థితి ఇంకా పాడవుతుంది.

సమస్య: ఎలా పంపాలో తెలియక టెన్షన్

ఫెడరల్ చట్టం ప్రకారం రిపేరు కోసం మామూలు యజమాని తన పిస్టల్‌ను లైసెన్స్ ఉన్న తయారీదారుకు నేరుగా పంపవచ్చు, వాళ్లు కూడా దాన్ని నేరుగా యజమానికే తిరిగి పంపవచ్చు. దాని బదులు అదే రకం పిస్టల్ ఇంకొకటి ఇచ్చినా అంతే. మధ్యలో డీలర్ ఉండాలన్న నియమం లేదు. అయితే కొరియర్ సంస్థలు సొంత నిబంధనలు పెట్టుకున్నాయి, వ్యక్తుల దగ్గర తుపాకులు తీసుకోవడం చాలావరకు మానేశాయి. కాబట్టి సొంతంగా పెట్టె కట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. కంపెనీకి ఫోన్ చేసి డబ్బు కట్టిన లేబుల్ తెప్పించుకోండి, అందులో రాసిన పద్ధతినే పాటించండి. అది కుదరకపోతే దగ్గర్లోని లైసెన్స్ డీలర్ ద్వారా పంపవచ్చు. పంపే ముందు పిస్టల్‌కు, నంబరుకు ఫొటోలు తీసుకోండి.

న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో పిస్టల్ వివరాలు లైసెన్స్‌లోనే ఉంటాయి. బదులు పిస్టల్ వస్తే నంబరు మారుతుంది, ఆ మార్పు ఎలా నమోదు చేయించాలో ముందే కనుక్కోండి.

రక్షణ కోసం ఉన్నది ఇదొక్కటే అయితే ఆ వారాల మాటేమిటి? నిజమైన ఇబ్బందే, కాదనను. ఎవరి దగ్గరైనా పిస్టల్ అడిగి తెచ్చుకుంటారో, ఇంకొకటి కొంటారో, ఇంటి తాళాలు గట్టి చేయించుకుంటారో మీ ఇష్టం. లోపమున్న పిస్టల్‌ను నడుముకు పెట్టుకుని తిరగడం మాత్రం రక్షణ అనిపించుకోదు. దాని గొట్టం మీ తొడ వైపో, పక్కన నడిచే పిల్లల వైపో ఉంటుంది.

సమస్య: పాత తుపాకీ, మార్పిస్తే విలువ పోతుందేమో

పంపకపోయినా నేను అర్థం చేసుకోగల సందర్భం ఇదొక్కటే. ఇది పిస్టల్ కాదు, రివాల్వర్ కథ. రూగర్ 1953 నుంచి 1972 దాకా చేసిన పాత మోడల్ సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగాల్సిన) రివాల్వర్లలో హ్యామర్ దించి ఉంచితే దాని బరువు ఫైరింగ్ పిన్ మీదుగా తూటా మీద పడే అవకాశం ఉంది. హ్యామర్‌కు దెబ్బ తగిలితే పేలుతుంది. 1973 నుంచి వచ్చిన కొత్త మోడళ్లలో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బను పిన్‌కు చేరవేసే పట్టీ) పెట్టి దీన్ని సరిచేశారు. 1982 నుంచి పాతవాటికి కూడా ఉచితంగా ఆ మార్పు చేసి, తీసిన అసలు భాగాలను తిరిగి ఇస్తున్నారు.

సేకరణ చేసేవాళ్లు మార్పు చేయనిదానికే ఎక్కువ ధర పెడతారు. అది అద్దాల బీరువాలో, ఎప్పుడూ ఖాళీగా ఉండేదైతే అలాగే ఉంచుకోండి. కాల్చే అలవాటుంటే 6 గదుల్లో 5 తూటాలే వేసి, హ్యామర్ ఖాళీ గది మీద ఉండేలా చూసుకోవాలి. ఆ నియమం ఇంట్లో అందరికీ ఎప్పటికీ గుర్తుంటుందని నమ్మకం లేకపోతే పంపేయండి. అసలు భాగాలు ఒక కవర్లో దాచుకుంటే మీ తర్వాతి వాళ్లకు అవీ అందుతాయి.

సమస్య: అప్‌గ్రేడ్ అయి వచ్చింది, అయినా నమ్మకం కుదరడం లేదు

ముందు నంబరు సరిచూడండి, ఏమేం మార్చారో రాసిన కాగితం దాచండి. ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్, రీసెట్ (వదిలాక ట్రిగ్గర్ తిరిగి సిద్ధం కావడం), సేఫ్టీ అన్నీ పనిచేస్తున్నాయో చూడండి. రేంజ్‌లో మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటా వేసి కాల్చండి, తర్వాత రెండు, ఆ తర్వాతే నిండుగా. చేతికి కొత్తగా అనిపిస్తే కంగారు పడకండి. ట్రిగ్గర్ మారింది కాబట్టి అలవాటు పడేదాకా అలాగే ఉంటుంది.

పీ320 విషయంలో ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 2017 అప్‌గ్రేడ్ కింద పడినప్పుడు పేలే సమస్యకు వచ్చింది. ఆ తర్వాత, హోల్‌స్టర్‌లో ఉండగానే నొక్కకుండా పేలిందంటూ వేరే ఫిర్యాదులు, కేసులు వచ్చాయి. 2024లో జార్జియాలో, ఫిలడెల్ఫియాలో జ్యూరీలు గాయపడినవాళ్ల పక్షాన తీర్పు ఇచ్చాయి. పిస్టల్ తనంతట తాను పేలదని కంపెనీ గట్టిగా వాదిస్తూనే ఉంది. అప్‌గ్రేడ్ చేయించారంటే ప్రకటనలో చెప్పిన ఆ ఒక్క లోపానికి మందు పడిందని అర్థం, అంతకు మించి ఎవరూ హామీ ఇవ్వలేదు.

అన్నీ చేశాక కూడా నడుముకు పెట్టుకుంటే భయమేస్తోందా? అయితే దాన్ని రేంజ్ పిస్టల్‌గా మార్చుకుని, మోసుకు తిరగడానికి వేరేది చూసుకోండి. అమ్మేయాలనుకుంటే కొనేవాడి చేతిలో అప్‌గ్రేడ్ కాగితం కూడా పెట్టండి. అప్‌గ్రేడ్ చేయించకుండా అమ్ముతుంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పి అమ్మండి.