వరంగల్‌లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు: పూనుకునే ముందు జాగ్రత్తలు

2017లో అండర్-17 ప్రపంచకప్‌కు మన దేశంలోని ఆరు నగరాలు వేదికలయ్యాయి. వరంగల్ కూడా అలాంటి పోటీలకు ముందుకు రావాలనుకుంటే, గ్యాలరీల కంటే ముందు పచ్చికను చూసుకోవాలి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల ఆటస్థలంలో గడ్డి కింద ఇసుక పొర, దాని కింద నీరు పోయే గొట్టాలు వేయించి, కనీసం ఒక వానాకాలమైనా పరీక్షించాలి. భారీ వాన వెలిశాక గోల్‌పోస్టుల ముందర నిలబడితే బూటు చుట్టూ నీరు ఊరుతున్నదంటే, ఆ పని మళ్లీ చేయించవలసిందే. జట్లు సాధన చేసే మైదానాల్లోనూ అదే రకం గడ్డి ఉండాలి.

2023 జూలై వరదల్లో హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగాయి కనుక, స్టేడియం దారుల్లోని నాలాల పూడిక ముందే తీయించాలి.

కాజీపేట జంక్షన్ మనకు పెద్ద బలం. అయితే మ్యాచ్ ముగియగానే వేలమంది ఒక్కసారిగా బయటికి వస్తారు కాబట్టి, మేడారం జాతరలో ఆర్టీసీ, పోలీసు సిబ్బంది గడించిన అనుభవాన్ని ఇక్కడ తప్పక వాడుకోవాలి.

2021లో జరిగిన యూరో (ఐరోపా దేశాల ఫుట్‌బాల్) పోటీల్లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి కుప్పకూలినప్పుడు మైదానంలోనే అందిన చికిత్స ఆయన ప్రాణం నిలిపింది. అందువల్ల డీఫిబ్రిలేటర్‌ను (విద్యుత్ షాక్‌తో గుండెను మళ్లీ సరిగా కొట్టుకునేలా చేసే పరికరాన్ని), దాన్ని వాడడం తెలిసిన వైద్య బృందాన్ని మైదానపు గీత పక్కనే ఉంచాలి. అంబులెన్స్ దారికి ఏ వాహనమూ అడ్డు రాకూడదు.