గారు తగ్గకుండా గాలి తీయడం ఎలా

గోదావరి జిల్లాల్లో ఎవరైనా మరీ ఎగిరిపడుతుంటే గొంతు పెంచరు, మర్యాద పెంచుతారు. అప్పటిదాకా ‘నువ్వు’ అన్న మనిషిని ఉన్నట్టుండి ‘తమరు’ అన్నారంటే వెటకారం మొదలైనట్టే. అందుకని ముందే సామెత వెతుక్కోకండి, పిలుపు మార్చండి. ‘చాల్లే సంబడం’ అంటే ఉత్త విసుగు. ‘చాల్లెండి బావగారూ సంబడం’ అంటే బంతిలో కూర్చున్నవాళ్లంతా విస్తట్లోంచి తలెత్తుతారు.

తర్వాత మోతాదు. చురక నవ్వులో కలిసిపోతుంది. వాత మచ్చ పడుతుంది. గడ్డి పెట్టడం తప్పు చేసినవాడికే. గొప్పలు చెప్పుకునేవాడికి గడ్డి పెడితే చూసేవాళ్ల జాలి వాడివైపు పోతుంది, వాడికి చురక చాలు.

చాలామంది పొరబడేది ఇక్కడ: గాలి తీయడం, తోక కత్తిరించడం, ముకుతాడు వేయడం మొహమ్మీద అనే మాటలు కావు. పని అయ్యాక మూడోవాడికి చెప్పుకునేవి. ‘నీ తోక కత్తిరిస్తా’ అన్నారంటే అది బెదిరింపు, ఇంకా కత్తిరించలేదని మీరే ఒప్పుకున్నట్టు. ముకుతాడుకైతే ఇంకో పట్టింపు ఉంది. ఎద్దు ముక్కులోంచి దూర్చిన తాడు అది. కొంచెం లాగితే చాలు, అంత పశువూ తల తిప్పుతుంది. కాబట్టి ఇష్టారాజ్యంగా తిరిగేవాడు ఒకరి అదుపులోకి వచ్చినప్పుడే ఆ మాట అతుకుతుంది, చీవాట్లకు అతకదు. ఖర్చుకీ దూకుడుకీ కళ్లెం అనండి.

మొహమ్మీద అనాల్సి వస్తే ఒప్పుకుంటున్నట్టు అనాలి. పెళ్లివారి వంటశాలలో ఒకాయన వంటమేస్త్రికి పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో చెబుతున్నాడనుకోండి. ‘తాతకు దగ్గులు నేర్పకండి’ అంటే మొరటు. ‘ఆయ్, గరిటె తమరే పట్టుకోండి, మేం చూసి నేర్చుకుంటాం’ అని నిజంగానే గరిటె చాపండి. నవ్వకండి. ముందు మీరు నవ్వేస్తే మాట చచ్చిపోతుంది.

సొంతంగా అల్లుకోవాలంటే ఎదుటివాడు చేసిన పనిని అదే జాతి పెద్ద పని పక్కన నిలబెట్టండి. కాలవ గట్టుమీద రెండు తట్టల మట్టి వేయించి ఊరంతా చెప్పుకునేవాడితో: ‘1852లో అయిన ఆనకట్టకి కాటన్ దొర పేరెందుకండీ, తమరిది పెట్టాల్సింది!’ పోలిక అక్కడున్న అందరికీ తెలిసిందై ఉండాలి. విడమరచి చెప్పాల్సొస్తే మానేయడం మేలు.

పెద్దవాళ్ల దగ్గర ‘అట’ కాపాడుతుంది. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట’ అని కొబ్బరిచెట్టు వైపు చూస్తూ అనండి. ఎవరో అన్నారట, ఎవరో ఎగిరిందట, మధ్యలో మీరెవరు? అయినా మావయ్య వరసవాళ్ల మీద వద్దు. బావామరదుల వరసకే ఆ చనువు. కులం, అవిటితనం, ఇంటి ఆడవాళ్లు వచ్చే సామెతలు ఎంత పదునైనా పక్కన పెట్టండి, అవి వెటకారం కిందికి రావు.

ఒకటే మాట, ఆ తర్వాత కాఫీ సంగతి ఎత్తాలి. రెండోది వేశారా, తగాదా. అటునుంచి అంతకంటే మంచి మాట వచ్చిందా, ‘ఆయ్, అంతేనండి’ అని పుచ్చేసుకోండి.