కొత్త వార్మింట్ రైఫిల్ గురి పరీక్ష – 4వ పాఠం: 100 గజాల దగ్గర అయిదు గుత్తులు

గత పాఠం ముగిసేసరికి మన వార్మింట్ రైఫిల్‌కు, అంటే పొలాలను, మేత భూములను పాడుచేసే చిన్న జంతువులను దూరం నుంచి కొట్టే రైఫిల్‌కు, స్కోప్ (గురి దుర్భిణి) బిగించి, 100 గజాల దూరానికి జీరో చేయడం (గురి పెట్టిన చోటనే గుండ్లు పడేలా స్కోప్‌ను సరిచేయడం) పూర్తయింది. .223 రెమింగ్టన్ తూటా వాడే, బరువైన బ్యారెల్ గల బోల్ట్ యాక్షన్ (ప్రతి దెబ్బకూ చేతితో బోల్ట్ లాగి తూటా ఎక్కించే) రైఫిల్‌నే ఈ పాఠంలోనూ ఉదాహరణగా తీసుకుంటున్నాను. గుండ్లు గురి పెట్టిన చోటికి ఇంచుమించుగా చేరుతున్నాయి. ఆ ‘ఇంచుమించు’ ఎంతో అంగుళాలలో కొలిచి, నమ్మదగిన ఒక అంకెగా కాగితం మీద రాసుకోవడమే ఈ పాఠంలోని పని.

కొత్తవారు తరచుగా కలిపేసే రెండు విషయాలను ముందుగా విడదీసుకోవాలి. గుత్తి, అంటే ఒకే గురితో పేల్చిన గుండ్ల రంధ్రాల సమూహం, కాగితం మీద ఏ చోట పడుతుందన్నది జీరోకు సంబంధించినది. అది తప్పితే స్కోప్ మీది మరను నాలుగు క్లిక్కులు (మర ఒక్కో మెట్టు తిరిగినప్పుడు వచ్చే టక్కుమనే శబ్దాలు) తిప్పి సరిచేయవచ్చు. ఆ గుత్తి ఎంత వెడల్పుగా పరుచుకుంటుందన్నది రైఫిల్, తూటా, కాల్చే మనిషి ముగ్గురి నిలకడకు సంబంధించినది. దానిని ఏ మర తిప్పినా సరిచేయలేము. ఈ రోజు మనం కొలిచేది రెండవదాన్ని మాత్రమే.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. జింక వేటలో ప్రాణాంతక భాగం సుమారు ఎనిమిది అంగుళాలు ఉంటుంది కనుక గుత్తి కొంచెం విచ్చుకున్నా పని జరుగుతుంది. అమెరికాలోని సౌత్ డకోటా, వయోమింగ్, మోంటానా పచ్చిక మైదానాలలో కనిపించే ప్రెయిరీ డాగ్ (పేరులో డాగ్ ఉన్నా, నేలలో బొరియలు తవ్వే ఉడుత కుటుంబపు జంతువు) సంగతి వేరు. పొలం గట్లను గుల్ల చేసే పందికొక్కుల మీద మన రైతులకు ఎంత మంటో, బొరియలతో మేత భూములను నింపేసే ఈ జంతువు మీద అక్కడి పశువుల పెంపకందారులకూ అంతే. బొరియ అంచున నిటారుగా నిలబడ్డప్పుడు దాని ఎత్తు ఒక అడుగుకు అటూ ఇటూ ఉన్నా, ఒంటి వెడల్పు మూడు నాలుగు అంగుళాలే. దానిని 250 గజాల నుంచి కొట్టబోయే వ్యక్తికి తన రైఫిల్ ఎంత దూరం వరకు మూడంగుళాల లోపల కుదురుగా ఉంటుందో తెలియకపోతే, జంతువును గాయపరచి వదిలేయడమే జరుగుతుంది. (ప్రెయిరీ డాగ్‌లలోనూ యూటా జాతికి ఫెడరల్ చట్టపు రక్షణ ఉన్నది, దాని జోలికి పోరాదు. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా చట్టం సాధారణంగా నిషేధిస్తుందనీ, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయనీ 1వ పాఠంలో చెప్పుకున్నాం. ఆ పాఠం చదవకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవారు ముందు వెనక్కి వెళ్లి దాన్ని చదవాలి.)

కొలతకు వాడే ప్రమాణం మినిట్, ఇది కాలానిది కాదు, కోణానిది. వృత్తంలో 360 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీలో 60 మినిట్లు. ఒక మినిట్ కోణం 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 300 గజాల దగ్గర 3.14 అంగుళాలు పరుచుకుంటుంది. షూటింగ్ రేంజిలో ‘ఇది అర మినిట్ రైఫిల్’ అని ఎవరైనా అంటే, 100 గజాల దగ్గర దాని గుత్తి సుమారు అర అంగుళమని అర్థం. ఆ మాట ఎన్ని గుత్తుల మీద ఆధారపడి అంటున్నారో మాత్రం తప్పక అడగండి.

రేంజికి బయలుదేరే ముందు ఇంటి దగ్గరే, రైఫిల్ ఖాళీగా ఉన్నదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకున్న తరువాత, చూడవలసినవి కొన్ని ఉన్నాయి. స్టాక్‌ను (భుజానికి ఆనించి పట్టుకునే దిమ్మను) యాక్షన్‌కు (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగానికి) పట్టి ఉంచే మరలు, స్కోప్ రింగుల మరలు తయారీదారు చెప్పిన మేరకు బిగిసి ఉండాలి. బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఒక కాగితపు ముక్కను దూర్చి, యాక్షన్ వైపుగా లాగి చూడాలి. మీ రైఫిల్ బ్యారెల్ స్టాక్‌కు తగలకుండా అమర్చిన రకమైతే ఆ కాగితం ఎక్కడా పట్టుకోకుండా జారాలి. బ్యారెల్ లోపల అడ్డేమీ లేదని చూసి, నిల్వ కోసం పూసిన నూనెను పొడిగుడ్డతో తుడిచివేయాలి. బ్యారెల్ మీద ముద్రించిన తూటా పేరే పెట్టె మీదా ఉండాలి. 5.56 నాటో తూటా చూడటానికి .223 లాగే ఉంటుంది, .223 ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే అరలో) పడుతుంది కూడా. కాని దానివల్ల అక్కడ పీడనం హద్దు మీరే ప్రమాదం ఉన్నది కనుక వాడకూడదు.

తూటాల ఎంపికలో బ్యారెల్ మెలికను, అంటే గుండును తిప్పడానికి లోపల చెక్కిన గాడులు ఎంత పొడవుకు ఒక చుట్టు తిరుగుతాయో, గమనించండి. 12 అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్‌కు 40 నుంచి 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) తేలికపాటి గుండ్లు నప్పుతాయి. 69 గ్రెయిన్లు, ఆపై బరువున్న పొడవాటి గుండ్లను అది స్థిరంగా తిప్పలేదు. 8 లేదా 9 అంగుళాలకు ఒక చుట్టు ఉన్నదైతే బరువైనవి కూడా ప్రయత్నించవచ్చు. రెండు మూడు రకాలు కొనండి, కాని ఒక్కొక్క రకంలో పరీక్షకు సరిపడా తూటాలన్నీ ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) అయ్యేలా చూసుకోండి. లాట్ మారితే పరీక్షించే వస్తువే మారినట్టు.

ఇక బెంచి దగ్గరి పని. నా అనుభవంలో గుత్తులు చెడేది బ్యారెల్ వల్ల కంటే ఇక్కడే ఎక్కువ. రైఫిల్ ముందుభాగం ఇసుక సంచి మీద లేదా రెస్ట్ (రైఫిల్‌ను నిలిపే ఆనుడు పీట) మీద ఆనాలి. ఆనవలసింది స్టాక్, ఎట్టి పరిస్థితిలోనూ బ్యారెల్ కాదు. వెనుక స్టాక్ అడుగున మరొక చిన్న సంచి పెట్టి, దానిని ఎడమ చేతితో నొక్కుతూ వదులుతూ క్రాస్‌హెయిర్‌ను (స్కోప్‌లో కనిపించే గురి గీతల కూడలిని) ఎత్తుకు తెచ్చుకోవాలి. సరిగ్గా అమర్చినప్పుడు, చేతులు తీసేసినా క్రాస్‌హెయిర్ గురి మీదనే నిలిచి ఉంటుంది. కండబలంతో రైఫిల్‌ను గురి మీద పట్టి ఉంచవలసి వస్తున్నదంటే సంచులను మళ్లీ సర్దాలి. నా మొదటి రైఫిల్‌తో ఒక పూటంతా రంధ్రాలు నిలువుగా సాగిపోతూంటే తప్పు తూటాలదే అనుకుని మూడు రకాలు మార్చాను. చివరికి చూస్తే, పట్టీ తగిలించే ఇనుప పిడి ప్రతి దెబ్బకూ వెనక్కి వచ్చి ముందు సంచి అంచుకు గుద్దుకుంటున్నది. రైఫిల్‌ను రెండంగుళాలు ముందుకు జరపగానే నిలువు సాగుడు ఆగిపోయింది. అప్పటికి అరవై తూటాలు ఖర్చయ్యాయి.

స్కోప్‌లో పారలాక్స్ (కన్ను కదిలితే గురి కూడా జరిగినట్టు కనిపించే దోషం) సరిచేసుకోవడం మరవకండి. రైఫిల్‌ను కదపకుండా తలను కొద్దిగా అటూ ఇటూ ఊపి చూసినప్పుడు, క్రాస్‌హెయిర్ లక్ష్యం మీద ఈదుతున్నట్టు కనిపిస్తే పక్క మరను తిప్పి ఆ ఈత ఆగేలా చేయాలి. అలాగే గుండ్లు గురి చుక్కనే చింపివేస్తే తరువాతి దెబ్బకు గురి పెట్టడానికి ఏమీ మిగలదు కనుక, పరీక్ష వరకు జీరోను ఆరు క్లిక్కులు పైకి పెట్టుకోవడం మంచిది. పావు మినిట్ క్లిక్కులైతే గుత్తి ఒకటిన్నర అంగుళాలు పైన పడుతుంది, చుక్క చెక్కుచెదరదు.

శుభ్రం చేసిన బ్యారెల్ నుంచి వచ్చే మొదటి కొద్ది గుండ్లు తరచుగా వేరే చోట పడతాయి. అందుచేత మూడు నుంచి అయిదు తూటాలను వేరే కాగితం మీద పేల్చి, ఆ తరువాతనే లెక్క మొదలుపెట్టాలి. ట్రిగ్గర్‌ను వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో నిటారుగా వెనక్కి నొక్కుతూ పోవాలి. పేలిన మరుక్షణం తల ఎత్తి చూడకుండా, వేలును వెనక్కి పట్టి ఉంచి, స్కోప్‌లోనే చూస్తూ ఉండాలి. అయిదు దెబ్బలు ఒక గుత్తి. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక నిమిషం, గుత్తికీ గుత్తికీ నడుమ బ్యారెల్ చేయి పెట్టి ఉంచగలిగేంతగా చల్లబడేవరకు ఆగాలి. వేడి బ్యారెల్ నుంచి లేచే సెగ స్కోప్ ముందు నీటి అలలా ఆడుతూ లక్ష్యాన్ని కదిలినట్టు చూపుతుంది. రేంజి అధికారి ‘సీజ్ ఫైర్’ అంటే గుత్తి సగంలో ఉన్నా సరే బోల్ట్ తెరిచి, తూటా తీసివేసి, రైఫిల్‌ను వదిలి వెనక్కి జరగాలి. కళ్లద్దాలు, చెవుల రక్షణ లేనిదే బెంచి దగ్గర కూర్చోరాదు.

పరీక్షకు ఉదయపు నిశ్చలమైన వేళను ఎంచుకోండి. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 55 గ్రెయిన్ల .223 గుండును 100 గజాలలోనే సుమారు ఒక అంగుళం పక్కకు తోస్తుంది. ఆ గాలి ఒకే తీరుగా వీస్తే గుత్తి మొత్తం పక్కకు జరుగుతుంది, అంతే. ఆగి ఆగి వీస్తేనే గుత్తి విచ్చుకుంటుంది. లక్ష్యం దగ్గర కర్రకు ఒక రిబ్బను ముక్క కట్టి, అది ఒకే తీరులో ఉన్నప్పుడే పేల్చండి.

ఇప్పుడు కొలత. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో వాడి మరచిపోయిన వెర్నియర్ కాలిపర్స్ ఇక్కడ అక్కరకు వస్తాయి. గుత్తిలో అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాలను గుర్తించి, వాటి బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవాలి. కాగితం చిరిగిన రంధ్రం గుండు కంటే కొంచెం చిన్నదిగా ఉంటుంది కనుక, దాని చుట్టూ కనిపించే బూడిదరంగు వలయపు అంచును లెక్కలోకి తీసుకోవాలి. వచ్చిన కొలత నుంచి గుండు వ్యాసం 0.224 అంగుళాలను తీసివేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం వస్తుంది. బయటి కొలత 0.844 అయితే గుత్తి 0.62 అంగుళాలు.

ఒక రకం తూటాతో అయిదు గుత్తులు వరుసగా 0.62, 0.88, 0.71, 1.04, 0.65 వచ్చాయనుకుందాం. మొత్తం 3.90, సగటు 0.78 అంగుళాలు, అంటే ముప్పావు మినిట్. మీ రైఫిల్ గురి ఆ తూటాతో అంత, 0.62 కాదు. చాలామంది 0.62 కాగితాన్ని జేబులో దాచుకుని 1.04 కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తారు. అయిదు దెబ్బల గుత్తి పరిమాణం, ఏ లోపమూ లేకపోయినా, సగటు చుట్టూ పావువంతుకు పైగా అటూ ఇటూ ఊగడం మామూలే. మూడు దెబ్బల గుత్తులు ఇంకా ఎక్కువ మోసం చేస్తాయి: అదే రైఫిల్ అయిదు దెబ్బలతో ఇచ్చే సగటు, మూడు దెబ్బలతో ఇచ్చే సగటు కంటే దాదాపు 27 శాతం పెద్దదిగా ఉంటుంది. పది దెబ్బలైతే ఆ తేడా 58 శాతానికి చేరుతుంది. కనుక అమ్మేవారి మూడు దెబ్బల అంకెను మీ అయిదు దెబ్బల అంకెతో పోల్చి నిరాశ పడనక్కరలేదు.

విడిగా పడిన రంధ్రం విషయంలో నేను పాటించే నియమం ఒకటే. ట్రిగ్గర్ తప్పుగా నొక్కానని కాగితం చూడకముందే అనుకుని పుస్తకంలో రాసుకుంటే, ఆ గుత్తిని మొత్తంగా వదిలి మళ్లీ పేల్చుతాను. రంధ్రం చూశాక ‘అది నా తప్పే’ అనిపిస్తే లెక్కలోనే ఉంచుతాను.

ఈ అంకెను మైదానానికి తీసుకువెళ్తే, ముప్పావు మినిట్ 300 గజాల దగ్గర 2.34 అంగుళాలు, 400 గజాల దగ్గర 3.12 అంగుళాలు అవుతుంది. మూడంగుళాల వెడల్పు గల లక్ష్యానికి, గాలి లేని రోజున, బెంచి మీది నుంచి, ఈ రైఫిల్ సుమారు 380 గజాలు దాటి పనికిరాదు. గాలి తోడైతే హద్దు ఇంకా లోపలికి వస్తుంది. ఎంత లోపలికి అన్నది 5వ పాఠంలో 200, 300 గజాల దగ్గర కాల్చి చూద్దాం.

అప్పటిలోగా కనీసం రెండు రకాల తూటాలతో, ఒక్కొక్క రకానికి అయిదేసి గుత్తులు పూర్తిచేయండి. ప్రతి కాగితం మూలన తేదీ, తూటా పేరు, లాట్ నంబరు, గాలి, ఎండ తీవ్రత, గుత్తి కొలత రాసి, ఒక్కటి కూడా పారేయకుండా ఫైలులో పెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో మొదట తెరవబోయేది ఆ ఫైలునే.