పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం ఎలా?

చెన్నైలో మా అడయార్ పిన్‌కోడ్ 600020. సాయంత్రాలు మా ఇంటికి లెక్కలకు వచ్చే తెలుగు పిల్లలకు మొదట ఇచ్చే సంఖ్య ఇదే. పెన్సిలు, గళ్ల నోటుబుక్కు చాలు. కాలిక్యులేటర్ ముట్టకూడదు. భాగహార నిచ్చెనే వేయాలి, అంటే భాగించే సంఖ్య ఎడమ పక్కన, వచ్చిన భాగఫలం కింద రాస్తూ దిగాలి. కొమ్మలు గీసే వృక్ష పద్ధతిలో ఏదో ఒక కొమ్మ చివర కారణాంకం మర్చిపోవడం ఎన్నిసార్లు చూశానో! నిచ్చెనలో అన్నీ ఎడమ పక్కనే వరుసగా ఉంటాయి.

2తో, మళ్లీ 2తో, తర్వాత 5తో భాగిస్తే 30001 మిగులుతుంది. అంకెల మొత్తం 4, కాబట్టి 3తో పోదు. 7, 11, 13లను ఒకేసారి చూడొచ్చు, ఎందుకంటే వాటి లబ్ధం 1001. కుడి నుంచి మూడు అంకెలు విడదీయండి: 30, 001. తేడా 29. అది ఆ మూడింటిలో దేనితోనూ పోదు కాబట్టి 30001 కూడా పోదు. 17తో భాగిస్తే శేషం 13. 19తో సరిగ్గా పోయి 1579 వస్తుంది.

ఇక్కడ నెమ్మదించండి. అందరూ పాడుచేసేది ఈ మెట్టే. కొందరు 1579ని చూడగానే ప్రధాన సంఖ్య అని రాసేసి పెన్సిలు పెట్టేస్తారు. చూపుతో తేల్చకూడదు. 30001ని కూడా అలాగే వదిలేసేవాళ్లున్నారు, దానిలో 19 దాక్కుని ఉంది కదా!

ఇంకొందరు భయపడి 600020 వర్గమూలం దాకా, అంటే 774 దాకా వెళ్లాలనుకుంటారు. అక్కడి వరకు 137 ప్రధాన సంఖ్యలున్నాయి, టెన్షన్ రాక ఏమవుతుంది? కానీ హద్దు మొదటి సంఖ్యది కాదు, ఇప్పుడు చేతిలో మిగిలిన సంఖ్యది. ఒక్కో కారణాంకం తీసేసినప్పుడల్లా హద్దు కొత్తగా వేసుకోవాలి. 40 × 40 = 1600. 1579 రెండు సంఖ్యల లబ్ధమైతే, వాటిలో ఒకటైనా 40 కంటే చిన్నదై తీరాలి. 19 కంటే చిన్నవి ముందే తేలిపోయాయి, మళ్లీ చూడక్కర్లేదు. 19ని మాత్రం మళ్లీ చూడాలి, అది రెండుసార్లు ఉండొచ్చు. ఇక 23, 29, 31, 37. అయిదే భాగహారాలు. ఏదీ పోదు. ఇప్పుడు రాయండి, 1579 ప్రధాన సంఖ్య అని.

600020 = 2² × 5 × 19 × 1579. ప్రధానమైనవే కాక మొత్తం కారణాంకాలు ఎన్నో తెలియాలంటే, ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించండి: 3 × 2 × 2 × 2 = 24 కారణాంకాలు. ఈ లెక్క చిన్నది కాదు. మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా పనిచేసిన రామానుజన్, తమకంటే చిన్నవాటన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద 1915లో పెద్ద వ్యాసమే ప్రచురించారు. 720720 అలాంటిదే, దానికి 240.

తర్వాత టి.నగర్ 600017 పట్టండి. దాని మొదటి ప్రధాన కారణాంకం 11. ఆ పైన 233 దాకా ఓపిక కావాలి.