యాసిడ్ దగ్గర ఏప్రన్ ఎలా కట్టుకోవాలి

1990ల్లో ప్రొద్దుటూరు దగ్గర ఒక పాల కేంద్రంలో ఫ్యాట్ చూసే పని నాది. ఇప్పుడు చాలాచోట్ల మిషనే చెప్పేస్తోంది. ఇంకా గెర్బర్ ట్యూబులతో, అంటే పాలలో యాసిడ్ కలిపి వెన్న శాతం కొలిచే గాజు గొట్టాలతో, చూసే ల్యాబుల్లో చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మాకు రబ్బరు ఏప్రన్, గమ్ బూట్లు చేతికిచ్చారు గానీ ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ట్యూబులో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని మీద మెల్లగా 10.75 మి.లీ. పాలు, తర్వాత 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్. మూత బిగించి ఊపితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మూత ఊడిందా, అదంతా మీ పొట్ట మీదికే. మా గదిలో పరిచినవి కడప బండలు. చుక్క పడితే చాలు, బుసబుసమని నురగ వచ్చి తెల్లమచ్చ మిగిలేది.

ముందు మందపాటి నూలు చొక్కా, నిండు చేతులది. ప్యాంటు బూటులోకి దోపకండి, బూటు పైకి వదలండి. నేను మొదట్లో దోపుకునేవాణ్ని. ఒకరోజు క్యాన్లు కడిగే వేడినీళ్లు మోకాలి మీద ఒలికి నేరుగా బూటులోకి దిగాయి. బూటు లాగేలోపే చీలమండంతా బొబ్బలు. ఇంటి పెంకులు గుర్తుంచుకోండి: పైపెంకు కిందిదాని మీదికి రావాలి. ఏప్రన్ అంచు కూడా అంతే, బూటు పైఅంచు దాటి కిందికి రావాలి.

తాళ్లు నడుము వెనక జారుముడి వేసి, కొస కుడిచేతికి అందేలా వదలండి. ఒక్క గుంజుతో ఏప్రన్ ఊడిరావాలి. ట్యూబును తువ్వాలులో చుట్టి పట్టుకోండి, మూత ఎవరి వైపూ ఉండకూడదు. కళ్లకు రక్షణగా పెట్టుకునే గాగుల్స్ మాకు లేవు, మీరు మాత్రం అవి లేకుండా యాసిడ్ సీసా ముట్టుకోవద్దు.

మీద పడితే వెంటనే బట్ట విప్పేసి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసుకోండి. చొక్కా మీద చుక్క ఆ పూట కనిపించదు. ఉతికి ఆరేసినప్పుడు మా ఆవిడ చూపించేది, జొన్నగింజంత చిల్లులు. అందుకే డ్యూటీ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టల్లో కలపకుండా, తినే సోడా కలిపిన నీళ్లలో విడిగా నానబెట్టాలి.

ఏప్రన్ మాత్రం మడవొద్దు. కడిగి, లావుపాటి కర్ర మీద వేలాడదీయండి. మడత పడినచోటే రబ్బరు పగులుతుంది. పొద్దున కట్టుకునే ముందు కిటికీ వెలుగుకు ఎత్తి చూడండి. సన్నగీతలా వెలుగు కనిపిస్తే దాన్ని పక్కన పడేసి, కొత్తది ఇచ్చేదాకా ట్యూబు పట్టకండి.