ఎక్కిన గేరులోనే దిగాలి: సాలూరు ఘాట్‌కి మీ కారును ఇలా సిద్ధం చేసుకోండి

నా పుట్టిల్లు సాలూరు, అత్తవారిల్లు ఒడిశా కొరాపుట్ జిల్లాలోని సిమిలిగుడ. మధ్యలో ఘాట్ రోడ్డు. నెలకి రెండుసార్లయినా మా ఆల్టోలో పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని దిగుతాను. సాలూరంటే లారీల ఊరు. మా నాన్న అక్కడి నుంచి జయపురం, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్‌కి ముప్పై ఏళ్లు లోడు లారీ తోలారు. నేను ఇక్కడ రాసేది చాలావరకు ఆయన నేర్పిందే. మైదానంలో డ్రైవింగ్ నేర్చుకుని కొరాపుట్ జిల్లాకి బదిలీ మీద వచ్చిన తెలుగువాళ్లు మా కాలనీలో ఎంతోమంది ఉన్నారు. ఈ దారిలో బండి దించే ముందు వాళ్లు ఇది చదవాలని నా కోరిక.

ముందు బ్రేకుల సంగతి. మూడేళ్ల కిందట సుంకి దాటి దిగుతున్నాను. మూడో గేరులో ఉన్నాను, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాను. కాసేపటికి ఏదో మాడిన వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ స్పాంజిలా మెత్తగా సగం దాకా దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. వెనక సీట్లో పిల్లలు. రెండో గేరుకి, వేగం కాస్త తగ్గాక ఒకటో గేరుకి దించాను. పెడల్‌ని పంపు కొట్టినట్టు గబగబా నాలుగైదుసార్లు తొక్కితే కొంచెం పట్టింది. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కిపట్టి కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు పక్కకి ఆపాను. ఫోను చేస్తే నాన్న మొదట అన్నమాట, "చక్రాల మీద నీళ్లు మాత్రం పొయ్యకమ్మా." బాగా కాలిన బ్రేకు డిస్క్ (చక్రంతో పాటే తిరిగే ఇనప బిళ్ల) మీద చన్నీళ్లు పడితే అది వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. గంటసేపు అలాగే ఆగి, దానంతటదే చల్లారాక కదిలాం.

అంతకు వారం ముందే ఒక గ్యారేజీలో సర్వీసింగ్ చేయించాను. బ్రేకులు చూశామని బిల్లులో రాశారు కూడా. కానీ బ్రేక్ ఆయిల్ మార్చి నాలుగేళ్లు దాటిందని వాళ్లూ చూడలేదు, నేనూ అడగలేదు. ఈ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 రకానికైతే 230, 155. వరసగా బ్రేకు తొక్కితే ఆ వేడికి ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ని ఎంత నొక్కినా నలగదు, బుడగ నలిగిపోతుంది. మన కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయి, చక్రం దాకా చేరదు. ఇది ఎండాకాలంలోనే జరుగుతుందనుకోకండి, ఆ రోజు వాన పడుతోంది.

అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఏ రకం పోయాలో బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా మూత మీదే ఉంటుంది. నేనైతే మార్చిన నెల, సంవత్సరం అదే మూత మీద మార్కర్‌తో రాసిపెట్టాను. ఆయిల్ కనిష్ఠ గీత కిందికి దిగితే ఊరికే నింపేసి వదిలేయకండి. ప్యాడ్లు (డిస్క్‌ని నొక్కిపట్టి ఆపే దిమ్మలు) అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి. ఘాట్ ముందుందని మెకానిక్‌కి నోరు తెరిచి చెప్పండి, ఊళ్లో తిరిగే బండిలా చూసి వదిలేయనివ్వకండి.

ఇక దిగేటప్పుడు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, లారీవాళ్లందరికీ ఇదే సూత్రం. ఆల్టోకి ఇక్కడ అది రెండో గేరు, వంపు బాగా ఉన్నచోట ఒకటి. దిగుడు మొదలయ్యే ముందే గేరు మార్చుకోవాలి, వేగం అందుకున్నాక కాదు. ఇంజిన్ గట్టిగా మూలిగితే భయపడకండి, బండిని పట్టి ఆపుతున్నది అదే. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. మలుపు ముందు గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గించి, వదిలేయండి. ఆటోమేటిక్ బండైతే గేరు లివర్‌ని ఎల్ (తక్కువ గేరు) మీదో మాన్యువల్ మోడ్‌లోనో పెట్టుకోవాలి.

పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. ఇప్పటి బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కి పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజిన్ తిరగడానికి పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజిన్ ఆపేసి దించడం ఇంకా ఘోరం. ఒకట్రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడల్ గట్టిపడి ఎంత తొక్కినా దిగదు, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళం తీసేస్తే స్టీరింగే లాక్ అవుతుంది.

టైర్లకి నాన్న పద్ధతి ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు అరచేత్తో టైరు మీద లోపలి అంచు నుంచి బయటికి మెల్లగా రాస్తారు. కన్ను బయటి అంచునే చూస్తుంది, లోపలి అంచు చేతికే తెలుస్తుంది. ఒక అంచే నున్నగా తగిలితే అలైన్‌మెంట్ పోయింది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. టైరు గాడుల మధ్య చిన్న దిమ్మల్లాంటివి ఉంటాయి, టైరు వాటి మట్టానికి వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, అక్కడితో చట్టం ఒప్పుకోదు. మా ఇంట్లో మాత్రం వానాకాలం ముందు 3 మిల్లీమీటర్లకే మార్చేస్తాం. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాలి పొద్దున్నే కొట్టించాలి, ఎంత అనేది డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉంటుంది. స్టెప్నీని మర్చిపోకండి.

బయల్దేరే ముందురోజు సాయంత్రం కూలెంట్, ఇంజిన్ ఆయిల్, వైపర్లు, నాలుగువైపులా లైట్లు. పది నిమిషాల పని. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు.

దారిలో మొదట కుందులి. సంత రోజైతే మేకలు, కావిళ్లు, ఆటోలు అన్నీ రోడ్డు మీదే, అక్కడ 20 దాటకండి. చలికాలం పొట్టంగి వైపు పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. లో బీమ్‌తో, ఎడమ అంచు గీత చూసుకుంటూ వెళ్లాలి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపొద్దు, అవి ఆగినప్పటికి.

ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, నియమం కూడా అదే. లోడు లారీ వంపులో ఆగితే మళ్లీ కదలడానికి ఎంత కష్టపడుతుందో నాన్న పక్కన కూర్చుని చూశాను. మలుపులో దానికి అవతలి వైపు రోడ్డు కూడా కావాలి. ఆ సందులోకి కారు దూర్చకుండా వెనకే ఆగండి. లారీ కుడి ఇండికేటర్ వేస్తే రమ్మంటున్నాడో తిరుగుతున్నాడో తెలీదు, ముందు ఖాళీని మీ కళ్లతో చూసుకున్నాకే దాటండి.

వెనక సీట్లో వాళ్లూ బెల్టు పెట్టుకోవాలి. టైరు మార్చాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తండి. వెళ్లేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీద వదలకండి, రాత్రిపూట బైకు మీద వచ్చేవాడికి అది కనిపించదు. ఆపద వస్తే ఫోను చెయ్యాల్సింది ఒడిశాలోనైనా ఆంధ్రలోనైనా 112, అంబులెన్స్‌కి 108, జాతీయ రహదారి మీద 1033.

సాలూరు చేరాక బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా రిమ్‌కి జానెడు దూరంలో చెయ్యి పెట్టి చూస్తాను, తాకను. ముందు చక్రాలు రెండూ వెనకవాటికంటే వేడిగా ఉంటాయి, అది మామూలే. కుడి ఎడమల్లో ఒకటి మాత్రం రెండోదానికంటే బాగా సెగ కొడితే అటువైపు బ్రేకు పట్టేసి వదలట్లేదన్నమాట. అప్పుడు ఇంటికి వెళ్లే ముందే బండిని మెకానిక్ దగ్గర వదిలేసి, ఆటోలో వెళ్తాను.